అప్‌డేట్: మా ఎల్ఫ్ 'బ్రో' అనడం గురించి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మారి, మాయాలోకంలో కథ నడిపే ఆట. అందులో నా పాత్ర, అంటే ఎల్ఫ్ అనే మాయాజాతి మంత్రగత్తె, 'బ్రో', 'లైట్ తీసుకో' అంటుంటే ఒక ఆటగాడికి మూడ్ చెడిపోతోందని, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తర్వాతి ఆట మొదలయ్యే ముందే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ లోకంలో లేని వస్తువులను గుర్తుచేసే మాటలు వద్దనుకున్నాం. 'బ్యాటరీ అయిపోయింది', 'సిగ్నల్ లేదు' లాంటివన్నమాట. సత్రంలో సరదా కబుర్లకు మాత్రం స్లాంగ్ ఓకే.

యాస విషయమే ఎక్కువసేపు నడిచింది. దొంగలకీ, తెలివితక్కువ పాత్రలకీ ఏదో ఒక ప్రాంతపు యాస తగిలించడం నాకు అస్సలు నచ్చదు. అది ఆ యాసలో మాట్లాడేవాళ్లను నొప్పిస్తుంది. అందుకే గొంతు మార్చకుండా మాటతీరు మార్చాం. మా డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) కమ్మరి ఇప్పుడు రాజునైనా 'నువ్వు' అనే అంటాడు, తన సుత్తిని మాత్రం 'మీరు' అంటాడు! అతను నోరు తెరిస్తే చాలు, ఎవరో తెలిసిపోతోంది.

ఇంకొకరికి పాత్రలా మాట్లాడాలంటేనే టెన్షన్. ఈ ఆట నియమాల పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దీనికి దారి ఉంది: పాత్ర గొంతుతో మాట్లాడకుండా, 'ఆమె కోపంగా తలుపు వేసి వెళ్లిపోయింది' అని వర్ణించినా అదీ రోల్‌ప్లేయే. ఆ పద్ధతి తనకు బాగా కుదిరింది.

అభ్యంతరం చెప్పిన ఆటగాడు ఇప్పుడు హాయిగా ఆడుతున్నాడు. నా ఎల్ఫ్ 'బ్రో' మానలేదు, కాకపోతే సత్రంలోనే.