సర్పిలమా, చుట్టా, మెలికా?

ప్రశ్న: ప్రకృతిలో కనిపించే ఆకారాల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. శంఖానికీ, చుట్టిపెట్టిన తాడుకూ, పందిరి తీగకూ వరసగా ‘సర్పిలం’ (స్పైరల్) అనే రాసుకుంటూ పోయాను. చదువుతుంటే ఎక్కడో తేడాగా ఉంది. ఒకే మాట సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. సర్పించడం అంటే పాకడం, పాము పేరూ అక్కడిదే. చుట్టచుట్టుకుని పడుకున్న పామును తలచుకోండి. ఒళ్ళు దాదాపు ఒకే లావు కనుక చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం పెద్దగా మారదు. తాడు చుట్టా అంతే. ఆర్కిమెడీస్ లెక్కగట్టిన వంపు ఇది. శంఖం అలా పెరగదు. లోపలి జీవి పెద్దదవుతున్నకొద్దీ గుల్ల అంచునే కొత్త పదార్థం చేరుతుంది, ప్రతి చుట్టూ ముందటిదాని కంటే ఇంచుమించు ఒకే నిష్పత్తిలో వెడల్పవుతుంది. అందుకే గుల్ల ఎంత పెరిగినా రూపు మారదు. దీని పేరు సంవర్గమాన సర్పిలం, పలకడానికి నోరు తిరగాలి!

ఈ రెండూ కలగలిస్తే ఏమవుతుందో గణిత శాస్త్రవేత్త జాకబ్ బెర్నూలీ సమాధి చూపిస్తుంది. తన రాతి మీద ఈ శంఖపు వంపునే చెక్కమని కోరాడు. 1705లో ఆయన పోయాక స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శిల్పి చెక్కింది మాత్రం తాడు చుట్ట. ‘మారినా అదే రూపంతో మళ్ళీ లేస్తాను’ అనే లాటిన్ మాటలు పక్కనే ఉన్నాయి, పాపం.

మరొకరు: తీగను ఈ జాబితాలోంచి తీసేయండి. అది తిరుగుతూనే ముందుకు సాగుతుంది, బల్లపరుపుగా పరిచిన చుట్ట కాదు. దానికి ‘మెలిక’ ఉండనే ఉంది. దోసపాదు నులితీగను దగ్గరగా చూడండి. కొస దేన్నో పట్టుకున్నాక నడిమి భాగం మెలి తిరుగుతుంది. కొంత దూరం ఒకవైపు, మధ్యలో చిన్న తిన్నని ముక్క, అక్కడినుంచి ఎదురువైపు. రెండు కొసలూ కట్టుబడి ఉన్నప్పుడు ఒకచోట ఎక్కిన పురి ఇంకోచోట విడిపోవాలి కదా, కూడితే సున్నా. డార్విన్ కూడా దీన్ని గమనించి రాశాడు.

ప్రశ్న: మరి పొద్దుతిరుగుడు పువ్వు? గింజలు ఒకవైపు 34, ఎదురువైపు 55 సర్పిలాలుగా ఉన్నాయని మూలంలో ఉంది.

జవాబు: అక్కడ అసలు గీతే లేదు. ఒక్కో మొగ్గా ముందుదానికి సుమారు 137.5 డిగ్రీలు తిరిగి పుడుతుంది. పక్కపక్కన పడ్డవాటిని కలిపి చూసేది మన కన్నే, అందుకే ఒకే పువ్వు రెండు వైపులకూ తిరుగుతున్నట్టు ఉంటుంది. ‘వరస’ అనండి, చాలు. శంఖానికి ‘శంఖావర్తం’ బాగుంటుంది. సంస్కృతం బరువనిపిస్తే ‘శంఖపు సుడి’.

ప్రశ్న: సుడే రాస్తాను. తాడుకు చుట్ట, తీగకు మెలిక, పువ్వుకు వరస. శీర్షికలో మాత్రం ‘సర్పిలాలు’ ఉండిపోయింది, అది అప్పుడే అచ్చుకు వెళ్ళిపోయిందట.