లిఫ్టు గవర్నర్ ఊరికే ఎందుకు ట్రిప్ అవుతుంది?

ప్రశ్న: మా అపార్టుమెంటు లిఫ్టు వేగం సెకనుకు 1 మీటరు. దిగుతూ మధ్యలో బిగుసుకుపోయింది. గవర్నర్ (వేగం మితిమీరితే లిఫ్టును ఆపించే పరికరం) పట్టిందట. తాళ్లు బాగానే ఉన్నాయి, మరెందుకు?

జవాబు: తాడు తెగక్కర్లేదండీ. లిఫ్టు అసలు వేగంలో కనీసం 115 శాతం దాటాకే గవర్నర్ పట్టాలి. గవర్నర్ చక్రంలోని బరువులు విచ్చుకుని స్విచ్ కొడతాయి, కరెంటు పోయి బ్రేకు పడుతుంది. అప్పటికీ ఆగకపోతే గవర్నర్ తాడు బిగిసి, క్యాబిన్ కింది సేఫ్టీ గేరు (దవడల్లాంటి బ్రేకు) లిఫ్టు నడిచే పట్టాలను కరుస్తుంది. వేగం పెరగకుండానే కరిచిందంటే గైడ్ షూలు (క్యాబిన్‌ను పట్టాల వెంట నడిపే భాగాలు) అరిగి, గేరు దవడకూ పట్టాకూ సందు తగ్గిందేమో చూడండి.

జవాబు: విడిపించాలంటే క్యాబిన్‌ను పైకే లేపాలి, అదీ మెకానిక్ చేతే. తర్వాత పట్టా మీది గాట్లు ఆకురాయితో నున్నగా చేయించండి. గవర్నర్ తాడుకు మాత్రం గ్రీజు పూయనివ్వకండి! జారితే అసలు ప్రమాదంలో గేరును లాగదు.

జవాబు: ఖాళీ లిఫ్టు పైకి కూడా దూసుకుపోగలదు, తాళ్ల రెండో కొసన వేలాడే కౌంటర్‌వెయిట్ బరువెక్కువ కాబట్టి. దాన్ని ఆపడానికి రోప్ బ్రేకు (లిఫ్టు తాళ్లనే పట్టి ఆపేది) ఉందా అని అడగండి.