గొప్ప కళ మనిషిని మంచివాణ్ణి చేస్తుందా?

సందేహి

సాహిత్యం, సంగీతం, కళ తెలియనివాడు తోకా కొమ్ములూ లేని పశువేనన్నాడు భర్తృహరి. మనలో చాలామంది ఆ శ్లోకం బడిలో బట్టీ పట్టినవాళ్లమే. ఆ మాట వెనకాల ఇంకో నమ్మకం ఉంది: ఇవన్నీ వంటబట్టినవాడు మిగతావాళ్లకంటే మెరుగైన మనిషి అవుతాడని. ఇంగ్లండులో కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ కూడా 1869లో ఇంచుమించు ఇదే అన్నాడు. లోకంలో ఇంతవరకూ ఆలోచించినవాటిలో, చెప్పినవాటిలో అత్యుత్తమమైనది తెలుసుకుంటూ పోతే మనిషి పరిపూర్ణతవైపు నడుస్తాడని ఆయన వాదన.

నాకు ఆ నమ్మకం లేదు. నాజీ అధికారి రైన్‌హార్డ్ హైడ్రిక్ తండ్రి స్వరకర్త, సంగీత పాఠశాల నడిపినవాడు. కొడుకు వయొలిన్ చక్కగా వాయించేవాడు. యూదులందరినీ ఎలా తుడిచిపెట్టాలో తేల్చుకోవడానికి 1942 జనవరిలో బెర్లిన్ శివారు వాన్‌జేలో పెట్టిన సమావేశానికి అధ్యక్షుడు ఆ కొడుకే. ఆక్రమిత పోలండును ఏలిన హాన్స్ ఫ్రాంక్‌కి సంగీతమంటే ప్రాణం. లియొనార్డో డావిన్చీ గీసిన ఒక యువతి చిత్రాన్ని తెప్పించి తన దగ్గర పెట్టుకున్నాడు. జర్మనీ ఓడిపోయి పారిపోయే హడావుడిలో కూడా దాన్ని వదల్లేదు. యుద్ధనేరాల విచారణ తర్వాత 1946లో న్యూరెంబర్గ్‌లో అతణ్ణి ఉరితీశారు.

వీళ్లకి కళ తెలియదనడానికి లేదు. తెలుసు, ఇష్టం కూడా. మన పురాణాల్లో రావణుడికి వీణ వచ్చు, వేదం వచ్చు. ఆ ఇష్టం, ఆ విద్య వాళ్లలో ఏం మార్చాయి? ఏమీ మార్చనప్పుడు కళ మనిషిని బాగుచేస్తుందని ఏ ధైర్యంతో చెబుతున్నాం?

బడిపంతులు

సందేహి గారూ, ఆ ఇద్దరి గురించి మీరు చెప్పింది కాదనను. కానీ అక్కడినుంచి ఒక్క ఉదుటున చాలా దూరం వెళ్లిపోయారు. కళ తెలిసినవాళ్లలో దుర్మార్గులు ఉన్నారు కాబట్టి కళ వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదనడం ఎలా కుదురుతుంది? చదువుకున్న దొంగలున్నారని బడులు మూసేయం కదా.

నేను పిల్లలకి కథలు చదివి వినిపిస్తుంటాను. రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన ఒక చిన్న కథ ఉంది. బండి తోలుకునే ముసలాయన కొడుకు ఆ వారమే చచ్చిపోయాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. మొదట ఒక ఆఫీసరు బండి ఎక్కుతాడు. కొడుకు పోయాడని చెబితే, "ఎలా పోయాడు?" అని అడుగుతాడు కూడా. ముసలాయన వెనక్కి తిరిగి చెప్పబోతాడు. అంతలో దారిలో ఎవరో అరుస్తారు. ఆఫీసరు త్వరగా పోనివ్వమంటాడు, కళ్లు మూసుకుంటాడు. తర్వాత ముగ్గురు కుర్రాళ్లు ఎక్కుతారు. అందరం పోయేవాళ్లమేలే అంటాడు వాళ్లలో ఒకడు. చివరికి ఆ ముసలాయన గడ్డి నములుతున్న తన గుర్రానికే కథంతా చెప్పుకుంటాడు.

ఇది చదివాక ఒక పిల్లవాడు అడిగాడు: "మాస్టారూ, ఆఫీసరు చెడ్డవాడేం కాదు కదా?" నేను జవాబు చెప్పలేదు. క్లాసులో వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. అడిగాడు కదా అని కొందరు, అడిగి కళ్లు మూసుకోవడం అడక్కపోవడం కంటే ఘోరమని కొందరు. నీతి పాఠంలో "ఇతరుల బాధ వినాలి" అని చెబితే ఆ ప్రశ్న వచ్చేది కాదు. చెడ్డవాడేం కానివాడు ఎంత నిర్దయగా ఉండగలడో ఆ పిల్లలు మొదటిసారి చూశారు. ఇది బాగుపడటం కాకపోతే మరేమిటి?

సందేహి

పంతులు గారూ, ఆ పిల్లవాడి ప్రశ్న నాకూ నచ్చింది. అయితే మీరు కథల గురించి మాట్లాడుతున్నారు, నేను "ఉన్నత సంస్కృతి" అనే హోదా గురించి అడుగుతున్నాను. అభిరుచి అనేది చాలావరకు పుట్టిన ఇల్లు, చదువు, తరగతి మీద ఆధారపడుతుందనీ, దాంతోనే పైవాళ్లు కిందివాళ్లని దూరంగా పెడతారనీ ఫ్రాన్స్‌లో సమాజశాస్త్రవేత్త పియెర్ బూర్డ్యూ 1979లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆ హోదా కూడా నిలకడైనది కాదు. షేక్స్‌పియర్ నాటకాలను ఆయన కాలంలో నేలమీద నిలబడి చూసిన జనం చూశారు. 1849లో న్యూయార్క్‌లో మాక్‌బెత్ వేషం వేసే ఇద్దరు నటుల మధ్య వైరం, వాళ్ల వెనకున్న కూలీ జనానికీ పెద్దమనుషులకీ మధ్య గొడవగా మారింది. సైనికులు కాల్పులు జరిపితే ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇందులో ఎవరు ఎవరిని సంస్కరించినట్టు?

అక్షరం

ఇద్దరూ అనుభవం నుంచి, చరిత్ర నుంచి మాట్లాడుతున్నారు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ సంగతి చెబుతాను.

2013లో "సైన్స్" పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. మంచి సాహిత్యం కాసేపు చదివినవాళ్లు ఎదుటివాళ్ల మనసును ఇంకాస్త బాగా పసిగట్టగలుగుతున్నారని తేల్చారు. పరీక్షల్లో ఒకటి ఇలా ఉంటుంది: ముఖంలో కళ్ల భాగం మాత్రమే కనబడే ఫొటో చూపిస్తారు, పక్కన నాలుగు మాటలు ఇస్తారు, ఆ కళ్లలో ఉన్న భావం ఏదో ఎంచుకోవాలి. పేపర్లన్నీ దీన్ని పండగలా రాశాయి. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. "సైన్స్", "నేచర్" పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను ఒక బృందం మళ్లీ చేసి 2018లో ఫలితాలు ప్రకటించింది. 13 నిలబడ్డాయి. ఇది నిలబడని వాటిలో ఉంది.

1993 నాటి మోట్జార్ట్ కథ ఇంకా విచిత్రం. 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మోట్జార్ట్ సొనాటా వినిపిస్తే, ఆకారాలను ఊహించుకునే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటలోపే పోయింది. అంతమాత్రానికే 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం సీడీ ఇప్పిద్దామన్నాడు.

ఒకవేళ ఆ మొదటి ఫలితం నిజమే అనుకున్నా, ఎదుటివాడి మనసు చదవడం వేరు, వాడికి మేలు చేయడం వేరు. మోసగాడికి మొదటిది మనందరికంటే బాగా వచ్చు.

రాగమాలిక

నేను సంగీతం నేర్పుతాను. నా విద్యను వెనకేసుకొస్తానని అనుకుంటారేమో, కానీ సందేహి గారికి ఉపయోగపడే సాక్ష్యమే ముందు ఇస్తాను.

పంతులు గారు బండివాడి కథ చెప్పారు. ఆ కథ వచ్చిన నాలుగేళ్లకి, 1890లో, అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ తన పుస్తకంలో ఒక రష్యన్ స్త్రీని ఉదాహరణగా చూపించాడు. ఆమె నాటకశాలలో కూర్చుని పాత్రల కష్టాలకి కన్నీరు కారుస్తుంటుంది. బయట ఆమె బండివాడు చలికి బిగుసుకుపోయి చచ్చిపోతుంటాడు. జేమ్స్ చెప్పింది చాలా గట్టి మాట. భావం పొంగినప్పుడల్లా ఏ పనీ చేయకుండా దాన్ని చల్లారనిస్తే, చల్లారనివ్వడమే అలవాటైపోతుంది. అంటే కళ మనల్ని బాగుచేయకపోవడమే కాదు, పాడుచేయగలదు కూడా. ఆయన చెప్పిన విరుగుడు చాలా చిన్నది. కచేరీలో మనసు కరిగితే ఆ తర్వాత ఏదో ఒక పని చేయండి, ఇంట్లోవాళ్లతో ఆప్యాయంగా మాట్లాడటమో, బండిలో ఎవరికైనా సీటివ్వడమో, అదైనా సరే అన్నాడు. నేను చూసినంతలో ఇది నిజం. కచేరీలో తల ఊపిన మనిషే బయటికొచ్చి డ్రైవరు మీద అరవడం నాకు కొత్త కాదు.

మరి కళకి విలువ లేదా? నాజీల మరణ శిబిరం ఆష్విట్స్‌లో స్త్రీ ఖైదీల ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. 1943లో దాన్ని నడిపించే పని వియన్నా వయొలినిస్టు ఆల్మా రోజేకి అప్పగించారు. ఆమె స్వరకర్త మాలర్‌కి మేనకోడలు. ఖైదీలు పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ వాద్యబృందం మార్చ్‌లు వాయించాలి. ఖైదీల్లో ఎవరు చావాలో ఎంచే డాక్టర్ మెంగెలే వచ్చి, చెల్లో వాయించే అమ్మాయి చేత షూమన్ రచన వాయించుకుని విన్నాడు. విని వెళ్లి తన పని తాను చేసుకున్నాడు. ఇంతవరకూ సందేహి గారి పక్షమే. కానీ ఆల్మా ఆ బృందాన్ని పట్టుదలగా సాధన చేయించింది, ఎందుకంటే బాగా వాయిస్తేనే వాళ్లని బతకనిస్తారు. ఆమె 1944లో అక్కడే చనిపోయింది. బృందంలో చాలామంది బతికి బయటపడ్డారు.

అదే శిబిరాల్లో ప్రీమో లేవీ అనే ఇటాలియన్ కెమిస్టు ఉన్నాడు. ఒకరోజు ఫ్రెంచి కుర్రాడొకడితో కలిసి సూపు బిందె తేవడానికి వెళుతూ, ఆ కుర్రాడికి ఇటాలియన్ నేర్పడానికని దాంతే కావ్యంలో యులిసీస్ ఘట్టం చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో పంక్తులు గుర్తురాలేదు. ఆ తప్పిపోయిన పంక్తి దొరికితే ఈ రోజు నా సూపు ఇచ్చేస్తాననుకున్నాడట. ఆకలితో చస్తున్న మనిషి అనుకున్న మాట ఇది. దాంతే ఆయన్ని మంచివాణ్ణి చేశాడని నేను చెప్పలేను. ఆ కాసేపు తానెవరో, ఎక్కడున్నాడో మర్చిపోగలిగాడని ఆయనే రాశాడు.

కావ్యశాస్త్రం రాసిన మన మమ్మటుడు కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు. అందులో హితోపదేశం ఉంది, కాదనను. కానీ అన్నిటికీ తలమానికమని ఆయన పేర్కొన్నది చదివిన వెంటనే కలిగే ఆనందాన్ని. నా వాదన ఇంతే. కళ మనిషి చేతికి ఒక గొప్ప అనుభవాన్ని ఇస్తుంది. దాంతో ఆ మనిషి ఏం చేస్తాడన్న పూచీ దానికి లేదు. ఆ పూచీ దాని నెత్తిన పెట్టి, తీర్చలేదని తిట్టడం అన్యాయం.

సందేహి

రాగమాలిక గారూ, లేవీ సంగతి చదివి చాలాసేపు ఊరుకున్నాను. మీరన్న "పూచీ లేదు" అనే మాటతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం ఆ పూచీ ఇస్తున్నవాళ్ల మీద. కళలకి నిధులు అడిగే ప్రతి ఉపన్యాసంలోనూ "మంచి పౌరులు తయారవుతారు" అంటారు. ఆనందం కోసం అని నిజం చెప్పి అడగమనండి, నేనే ముందు సంతకం పెడతాను.

బడిపంతులు

నేను అంత తేలిగ్గా వదులుకోను. జేమ్స్ మాటనే తీసుకుందాం. భావం తర్వాత పని ఉండాలన్నాడు. అయితే ఆ భావం రావాలి కదా ముందు? బయట బండివాడు ఉన్నాడన్న స్పృహే లేనివాళ్లకి ఆ స్పృహ ఎక్కణ్ణుంచి వస్తుంది? నీతివాక్యాల్లోంచి వచ్చిందని మాత్రం నా క్లాసులో ఎప్పుడూ చూడలేదు.

ఒకటి మాత్రం రాగమాలిక గారి దగ్గర తీసుకుంటున్నాను. పాఠం చివర "ఈ కథలోని నీతి ఏమిటి?" అన్న ప్రశ్న ఇకమీదట ఇవ్వను. ఆ బండి నువ్వు ఎక్కితే ఏం అడిగేవాడివి, వాడు చెప్పే జవాబు ఎంతసేపు వినేవాడివి అని అడుగుతాను. మార్కులు వేయను.