రెండు ఊళ్ల మధ్య పాత సరిహద్దు రాయి: చైన్ కొలత ప్రకారం వెతికినా దొరకట్లేదు

రెండు పక్క పక్క ఊళ్ల మధ్య పాత హద్దు రాళ్లను వెతుకుతున్నాను. మొదటిది దొరికింది. నేల పైకి జానెడే ఉంది, మిగతాదంతా భూమిలోనే. రెండు ముఖాల మీద చెరో ఊరి మొదటి అక్షరం చెక్కారు. టార్చి ఎదురుగా వేస్తే ఏమీ కనిపించలేదు, రాయికి ఆనించి పక్క నుంచి వేస్తే గాడి నీడ పడి అక్షరం తేలింది.

రెండోదే దొరకట్లేదు. 1884 నాటి సర్వే ప్రకారం అది మొదటి రాయి నుంచి 24 చైన్ల 50 లింకుల దూరంలో, ఉత్తరం నుంచి తూర్పుకి 32 డిగ్రీల దిశలో ఉండాలి. చైన్ అంటే కొలత గొలుసు, 66 అడుగులు, అందులో 100 లింకులు కాబట్టి సుమారు 493 మీటర్లు. అప్పటి దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడాను అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో చూసి సరిచేశాను. ఒక్క డిగ్రీ తప్పినా ఇంత దూరంలో ఎనిమిదిన్నర మీటర్లు పక్కకి పోతాం, అందుకే ఇది వదలకూడదు. చెట్ల కింద ఫోన్ జీపీఎస్‌ను నమ్మలేక టేపుతో కూడా కొలిచాను. ఆ చోట చుట్టూ 5 మీటర్ల మేర ఇనప చువ్వతో గుచ్చి చూశాను, వేర్లే తగిలాయి.

నా అనుమానమంతా వాలు మీదే. దారంతా దాదాపు 10 డిగ్రీల ఏటవాలు. చైన్‌ను నేల వెంబడి పరిచారా, మెట్లు మెట్లుగా మట్టంగా పట్టారా అన్నదాన్ని బట్టి ఏడున్నర మీటర్ల తేడా వస్తుంది. సర్వే పత్రంలో ఆ మాటే లేదు.

అలాంటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో ఎలా తేల్చుకోవాలి?