అప్‌డేట్: పుట్టగొడుగుల గదిలో కార్బన్ డయాక్సైడ్ కంట్రోలర్ తప్పు దొరికింది

అనంతపురంలోని మా ముత్యపు చిప్ప పుట్టగొడుగుల గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఫ్యాన్ తిప్పాల్సిన కంట్రోలర్ రీడింగు 600 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 600) దాటడం లేదని, ఫ్యాన్ తిరగక ఆ వాయువు పేరుకుని కాడలు వేలెడు సాగి గొడుగులు చొక్కా గుండీలంతే మిగులుతున్నాయని కిందటి నెల అడిగాను. లోపం ఫ్యాన్‌ను ఆన్-ఆఫ్ చేసే స్విచ్ అయిన రిలేలో లేదు; దాన్ని అనవసరంగా మార్చాను. అరువు తెచ్చిన చేతి మీటరు అదే చోట 1700 చూపింది. సెన్సర్ తనంతట తానే రీడింగు సరిచేసుకునే ఆటో కాలిబ్రేషన్, కొన్ని రోజుల్లో నమోదైన అతి తక్కువ రీడింగును బయటి గాలిగా, అంటే 400గా లెక్కగడుతుంది. రాత్రింబవళ్లు పుట్టగొడుగులు శ్వాసించే మూసిన గదిలో గాలి ఆ స్థాయికి ఎన్నడూ దిగదు కనుక, అంకె వారం వారం కిందికి జారింది. ఆటోను ఆపేసి, సెన్సర్‌ను మిద్దె మీద నా ఊపిరి తగలకుండా 20 నిమిషాలు ఉంచి, అక్కడి బయటి గాలికి తగ్గట్టు 420కి సరిచేశాను. ఇప్పుడు 1000 దాటగానే ఫ్యాన్ తిరుగుతోంది. తాజా కాపులో గొడుగులు అరచేతంత విచ్చుకున్నాయి.