సుంకి ఘాట్‌లో ఆవు తగిలి రేడియేటర్ కారుతోంది: అతికించాలా, మార్చాలా?

కోరాపుట్ నుంచి:
నమస్తే అండి. మొన్న సాలూరు నుంచి వస్తుంటే సుంకి ఘాట్ మలుపులో ఆవు అడ్డొచ్చింది. దానికేం కాలేదు, లేచి పోయింది. మా పాత డీజిల్ స్విఫ్ట్‌కి గ్రిల్ విరిగింది, రేడియేటర్ వెనక్కి నొక్కుకుపోయింది. బండి చల్లగా ఉంటే చుక్క పడదు. వేడెక్కాక కింది మూలలో, నల్ల ప్లాస్టిక్ కలిసే చోట కూలెంట్ కారుతోంది. ఇక్కడి మెకానిక్ ఎం-సీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పెట్టి 800కి చేస్తానంటున్నాడు. జయపురంలో కొత్తదే వేయించుకోమన్నారు, అన్నీ కలిపి 6,000 పైమాటే. వచ్చే వారం అమ్మని విశాఖలో డాక్టరుకి చూపించాలి. ఏం చేయమంటారు?

రాయగడ నుంచి:
మా జీపుకి టంకం వేయించాను, ఏళ్లుగా ఢోకా లేదు. ఆరు వేలు ఎందుకండీ దండగ?

జయపురం, పాత టాక్సీ డ్రైవర్:
తమ్ముడూ, నీ పాత జీపుది రాగి, ఇత్తడి రేడియేటర్. టంకం పడుతుంది. స్విఫ్ట్‌ది అల్యూమినియం, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు. మధ్యలో రబ్బరు గాస్కెట్ పెట్టి, అల్యూమినియం అంచు మడిచి బిగిస్తారు.

కోరాపుట్ బాబూ, మీది కారేది సరిగ్గా ఆ మడత దగ్గరే. వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు తెలియదు. ప్లాస్టిక్ ఒకలా సాగుతుంది, అల్యూమినియం ఒకలా సాగుతుంది. ఎం-సీల్ ఆ రెంటి మధ్య ఎన్నాళ్లుంటుంది? విశాఖ వెళ్లేటప్పుడు ఘాట్ దిగుడే కాబట్టి తెలియకపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు, బండి నిండా జనంతో రెండో గేర్లో ఎక్కుతుంటే ఊడుతుంది. ఆ మలుపుల్లో అమ్మగారిని కూర్చోబెట్టుకుని ఆగడం నాకైతే ఇష్టం లేదు. చిల్లు అల్యూమినియం గొట్టానికే పడుంటే అర్గాన్ వెల్డింగ్ చేయించమనేవాణ్ణి. ఇది మార్చేయండి.

ఇంకొకటి. రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది, ఆవు దెబ్బ ముందు దానికే తగిలుంటుంది. ఏసీ చల్లగా వస్తోందా? కండెన్సర్ మీద నూనె మరక ఉంటే గ్యాస్ పోయినట్టే. ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, కూడా తీసి చూడండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, అప్పుడు లెక్క రేడియేటర్‌తో ఆగదు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, మా క్లీనరు కుర్రాడి చెయ్యి అలాగే కాలింది.

పర్లాకిమిడి నుంచి:
ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే ఆవు తగిలిన దెబ్బకీ క్లెయిమ్ వస్తుంది. విప్పక ముందే కంపెనీకి చెప్పి, ఫోటోలు తీయండి. రేడియేటర్ ఒక్కటే అయితే 1,000 మనం కట్టుకోవాలి, ప్లాస్టిక్ భాగాలకి సగం కోస్తారు, పైగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. కండెన్సర్, బంపర్ కూడా కలిస్తే క్లెయిమ్ వేసుకోవచ్చు.

కోరాపుట్ నుంచి:
ఇప్పుడే చూశాను. ఆయిల్ బాగానే ఉంది. ఏసీ మాత్రం ఉత్త గాలే, కండెన్సర్ కింద జిడ్డు ఉంది. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాను, సర్వేయర్ రేపు వస్తాడట. అమ్మని రైల్లో తీసుకెళ్తాను.