ఆర్‌లో సాగర్ నీటిమట్టం గ్రాఫ్: ఖాళీ రోజులకు సున్నా పెట్టాలా?

మిర్యాలగూడ_ఆర్:
అన్నలూ, ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులు గీసే జీజీప్లాట్‌తో నాగార్జునసాగర్ నీటిమట్టం, మా మండలం వానపాతం గీస్తున్నా, జూన్ నుంచి అక్టోబర్ దాకా రోజువారీ లెక్క. కొన్ని రోజులకు "--" అని ఉంటే అంకెలుగా మార్చే యాజ్.న్యూమరిక్ పెట్టి ఎన్‌ఏ (విలువ లేదనే గుర్తు) చేశా, కొన్ని తేదీలైతే ఫైల్లోనే లేవు. గీత ఒకచోట తెగుతోంది, ఇంకోచోట డేటా లేకపోయినా నేరుగా పోతోంది. పైగా వరుసలు తీసేశామని వార్నింగ్. మా సీనియర్ అన్నీ సున్నా పెట్టెయ్ అంటున్నాడు. గురువారం చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_డేటా:
సున్నా జోలికి పోకు తమ్మీ. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, నువ్వు సున్నా పెడితే డ్యాం ఒక్కరోజులో ఎండిపోయి తెల్లారి నిండినట్టు కనపడుతుంది. వానపాతంలో ఇంకా ప్రమాదం, అక్కడ సున్నా అంటే వాన పడలేదని, ఎన్‌ఏ అంటే ఎవరూ కొలవలేదని.

వరుస ఉండి విలువ ఎన్‌ఏ అయితే జియోమ్_లైన్ ఫంక్షన్ గీతను తెంపుతుంది. తేదీ వరుసే లేకపోతే అక్కడ ఖాళీ ఉందని దానికెలా తెలుస్తుంది, అటూ ఇటూ చుక్కలను కలిపేస్తుంది. టైడీఆర్ ప్యాకేజీలో కంప్లీట్ ఫంక్షన్‌కు మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా సీక్వెన్స్ ఇవ్వు, లేని రోజులు ఎన్‌ఏతో వచ్చి కూర్చుంటాయి.

దేవరకొండ_చుక్క:
"--"ని చదివేటప్పుడే రీడ్_సీఎస్‌వీలో ఎన్‌ఏ ఆర్గ్యుమెంట్‌కు ఇచ్చేస్తే ఆ తిప్పలుండవు. జియోమ్_లైన్‌లో ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ = ట్రూ (ఎన్‌ఏలు తీసెయ్యమని) పెడితే వార్నింగ్ నోరు మూస్తుంది అంతే, ఖాళీ ఖాళీగానే ఉంటుంది. వైలిమ్ (నిలువు అక్షానికి హద్దులు) ఏమన్నా పెట్టావా? దాని హద్దు దాటిన విలువలు కూడా ఎన్‌ఏ అయి అదే వార్నింగ్ వస్తుంది, దగ్గరగా చూపించాలంటే కోఆర్డ్_కార్టీజియన్ వాడు.

ఇంకోటి, నెలవారీ వానపాతానికి మొత్తం కూడే సమ్‌లో ఎన్‌ఏ.ఆర్‌ఎమ్ = ట్రూ పెట్టేవాళ్లే ఎక్కువ, కానీ అది మీ సీనియర్ చెప్పిన సున్నానే, దొడ్డిదారిన వస్తుంది. నెలంతా ఎన్‌ఏ అయినా మొత్తం 0 అనే ఇస్తుంది! ఎన్ని రోజుల రీడింగ్ ఉందో పక్కన లెక్కపెట్టి, మరీ తక్కువైతే ఆ నెల బార్ గీయకు.

మిర్యాలగూడ_ఆర్:
కంప్లీట్‌తో గీత సరిగ్గా తెగింది, వైలిమ్ కూడా ఉండె, తీసేశా. రెండు మూడు రోజుల ఖాళీ అయితే కలపొచ్చా?

పాలమూరు_డేటా:
నీటిమట్టానికి కలపొచ్చు, జూ ప్యాకేజీలో ఎన్‌ఏ.అప్రాక్స్ వాడు, మాక్స్‌గ్యాప్ = 3 పెడితే మూడు రోజులు మించిన ఖాళీని అలాగే వదిలేస్తుంది. ఆ ముక్కను చుక్కల గీతతో వెయ్యి, అంచనా అని కింద రాయి. పైన శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం వద్దు, మట్టం గబగబా పెరుగుతుంది. వానపాతానికి అసలే వద్దు, నిన్న పడింది రేపు పడింది చూసి ఇవాళ ఎంత పడిందో ఎవరు చెప్తారు.